వెండి చెవులు

వెండి గనుల ఊరైన కుత్నా హోరాలో పాత వెండి నాణేలు పోగుచేసే వాళ్ళకి దొంగల మీద కన్నా, దొంగ నాణేల మీద కన్నా ఎక్కువ మంట దేని మీదంటే, చెవి మీద. నాలుగు వందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావుడి చేతికి టోలార్ అనే బరువైన వెండి నాణెం ఒకటి వచ్చి ఉంటుంది. బుద్ధిగా మూటకట్టి దాచుకోవచ్చు కదా? దాచుకోడు. దాని నెత్తిన చిన్న వెండి రింగు టంకం పెట్టించి, పెళ్ళాం మెడలో వేస్తాడు, లేదంటే పసిగుడ్డు ఉయ్యాలకి కడతాడు. ఆ రింగునే వీళ్ళు చెవి అంటారు. చెవి ఉన్న టోలార్‌ని చేతిలో పెడితే అసలైన నాణేలవాడు మొదటి ముద్దలోనే రాయి తగిలినట్టు మొహం పెడతాడు. దాని విలువ సగానికి సగం పోయినట్టే.

ఆ చెవులు తీయడంలో ఆలోయిస్ విద్రాని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసి రిటైరైన మనిషి. డెబ్భై దాటినా చెయ్యి వణకదు. వెంట్రుకంత రంపంతో చెవి కోస్తాడు, మిగిలిన టంకాన్ని చిన్న ఆకురాయితో అరగదీస్తాడు, ఉక్కు కడ్డీతో నునుపు చేస్తాడు, తరవాత ఏదో గంధకం మందు పూసి నాలుగు వందల ఏళ్ళ నలుపు మళ్ళీ తెప్పిస్తాడు. నాణేల సంఘంలో అందరూ అతన్ని చెవుల డాక్టర్ అంటారు. అతనికి ఆ పేరంటే లోలోపల ఎంత గర్వమో, పైకి అంత విసుగు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అతను ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఎంత బాగా తీసినా, నాణెం కింద పెట్టే చీటీ మీద "చెవి తీసినది" అని తన చేత్తో రాసి గానీ ఎవరికీ తిరిగి ఇవ్వడు. "పని దాచొచ్చురా, చీటీ మాత్రం అబద్ధం చెప్పకూడదు" అంటాడు. దొంగ నాణేన్ని పట్టడంలోనూ అంతే. ఎవరైనా ఎంత మురిపెంగా తెచ్చి చూపించినా, భూతద్దం తీసి ఒక్క నిమిషం చూసి, "నకిలీ" అనేస్తాడు. ఆ మాటతో ఎంతమంది ఆదివారాలు పాడయ్యాయో లెక్కలేదు.

కోసిన చెవులు పారెయ్యడు. వెండే కదా. పనిచేసే బల్ల మీద పాత కోకో డబ్బా ఒకటుంది, అందులో వేస్తాడు. డబ్బా నిండాక కరిగించి సంఘం పేరున ఒక మెడల్ పోయించాలని ఆలోచన. ఆ డబ్బా నిండడానికి దగ్గరపడింది.

భార్య ఆల్బీనా ఎప్పుడూ ఆ గదిలోకి వచ్చేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి, "బంగాళదుంపల పులుసు చల్లారిపోతోంది, నీ రాజులకి దణ్ణం పెట్టి రా" అని పిలిచేది. ఇప్పుడు ఆ పిలుపు లేదు. ఎండాకాలం చివర్నించి ఆమె ఆసుపత్రిలో ఉంది. గుండె నీరసించిపోయింది, కాళ్ళకి నీరు దిగింది. చక్కెర జబ్బు కళ్ళని అంతకు ముందే తినేసింది. వెలుగు ఎక్కడుందో, మనిషి ఎటు నిలబడ్డాడో తెలుస్తుంది గానీ మొహాలు తెలియవు. డాక్టర్ ఆలోయిస్‌ని వరండాలోకి పిలిచి, ఇక ఇంటికి పంపే అవకాశం లేదని మెల్లగా చెప్పాడు.

ఆ రోజు ఆలోయిస్ లోపలికి వచ్చి, గసగసాల బన్నులు బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

"డాక్టర్ ఏమన్నాడు?" అంది ఆల్బీనా.

"ఏముంది, కొంచెం టైం పడుతుందన్నాడు."

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, లోయ్జా. నాకు పొద్దున్నే చెప్పాడు." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నా కుట్టుపెట్టె ఉందిగా?"

"కిటికీ పక్కది."

"అడుగున బొత్తాల కింద, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉంటుంది. జిత్కా టోలార్. తెచ్చిపెట్టు. ఉన్నన్నాళ్ళు ఇక్కడ దిండు కింద పెట్టుకుంటా. తరవాత నా చేతిలో పెట్టి పంపించు. పువ్వులు పెట్టినా పెట్టకపోయినా నాకు పట్టింపు లేదు. అది మాత్రం పెట్టు."

"అలాగే బీనా."

"మర్చిపోకు."

"మర్చిపోను" అన్నాడు. లేచి కిటికీ తెరిచినట్టు చేసి, తెరిచి ఉన్న కిటికీనే మళ్ళీ తెరిచాడు.

జిత్కా వాళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. ఆ కమ్యూనిస్టు రోజుల్లో బాప్తిస్మాలు చాటుమాటుగానే జరిగేవి, పై అధికారులకి తెలిస్తే ఉద్యోగానికి ఎసరు. అయినా ఆల్బీనా మేనమామ, గనిలో పనిచేసేవాడు, బాప్తిస్మంలో బిడ్డ బాధ్యత తీసుకునే జ్ఞానపితగా నిలబడ్డాడు. ఆ ఊరి ఆచారం ప్రకారం జ్ఞానపిత పసిబిడ్డ పొత్తిళ్ళలోకి ఒక నాణెం దూర్చాలి. చాలామంది చలామణిలో ఉన్న బిళ్ళ ఏదో దూర్చి చేతులు దులుపుకునేవాళ్ళు. ఆయన మాత్రం తన ఇంట్లో తరాలుగా పిల్లల మెడలు మారుతూ వచ్చిన రుడాల్ఫ్ చక్రవర్తి టోలార్‌ని, చెవితో సహా, పొత్తిళ్ళలో పెట్టాడు. జిత్కాకి నాలుగో ఏడు నిండకుండానే మెదడు జ్వరం వచ్చింది. పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికే ఆలస్యమైపోయింది.

ఆ తరవాత ఆలోయిస్ నాణేల్లో తలదాచుకున్నాడు. ఆల్బీనా ఎక్కడా తలదాచుకోలేదు. ఆ టోలార్‌ని మాత్రం గుడ్డలో చుట్టి తన దగ్గర పెట్టుకుంది. ఇంట్లో ఉన్న నాణేలన్నీ అతనివి, అదొక్కటి ఆమెది.

అందులో ఒక చిక్కుంది. కుత్నా హోరా టంకశాలలో రుడాల్ఫ్ పేరున కొట్టిన టోలార్లు ఏడాదికొకటి చొప్పున ఆలోయిస్ వరసగా పేర్చాడు. నీలం ముఖమల్ పరిచిన డ్రాయరు, ప్రతి నాణేనికీ ఒక గుంట. ఒక్క గుంట మాత్రం ఖాళీ. ఆ గుంటలోకి రావలసిన ఏడాదీ జిత్కా టోలార్ మీద ఉన్న ఏడాదీ ఒకటే. చాలా ఏళ్ళ కిందట ఒకసారి, భోజనాల దగ్గర, నోరు జారి అడిగాడు. "అదెలాగూ గుడ్డలో ఊరికే పడుంది కదా, నా డ్రాయర్లో భద్రంగా ఉంటుంది" అని. ఆల్బీనా గరిటె కింద పెట్టింది. "అది నీ డ్రాయర్లోకి రాదు" అంది. ఆ వారమంతా మళ్ళీ మాట్లాడలేదు. అతను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. గుంట ఖాళీగానే ఉంది.

ఇంటికి వచ్చి కుట్టుపెట్టె తెరిచాడు. బొత్తాలు పక్కకి నెట్టి, గుడ్డ విప్పి, అలవాటు కొద్దీ భూతద్దం కంటికి పెట్టాడు. అక్కడే అతని కొంప మునిగింది. మామూలు మనిషైతే గుడ్డ విప్పి, ఒకసారి కళ్ళకద్దుకుని, జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. ఇతను నాణేలవాడు. భూతద్దంలో అతనికి కనబడింది మంచి ముద్ర, చక్రవర్తి అరగని గడ్డం, స్పష్టమైన అక్షరాలు. నెత్తిన దిక్కుమాలిన చెవి. ఆ చెవి పక్కనే అంచు మీద రెండు చిన్న గాట్లు, ఎవరో పట్టకారుతో నొక్కినట్టు. టంకం పెట్టినప్పుడు కాలి మెత్తబడ్డ వెండి, అందుకే దెబ్బ తిన్నదనుకున్నాడు.

ఇంత మంచి టోలార్ ఈ అవతారంతో మట్టిలోకి పోతుందా అని అతని ప్రాణం గిలగిల్లాడింది. ఆ ఆలోచన వచ్చినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడి ఇంకో ఆలోచన తెచ్చుకున్నాడు. బీనా చేతిలో జీవితమంతా నేనేం పెట్టాను? పులుసు చల్లారబెట్టడం తప్ప ఏం చేశాను? ఈ ఒక్కటైనా నాకు చేతనైన పని నిండుగా చేసి పెడతాను. బిడ్డ నాణెం బిడ్డ ఎలా ఉండేదో అలా, మచ్చ లేకుండా ఆమె చేతిలో పెడతాను. అలా అనుకున్నాక అతనికి మనసు తేలికపడింది. ప్రేమ ఎంతో, దురద ఎంతో అతనే విడదీసి చెప్పలేడు.

ముందు నాణేన్ని ఫోటో తీశాడు, ప్రతి నాణేనికీ తీసినట్టే. తరవాత చెవి కోశాడు. అది టక్కున ఊడి బల్ల మీద దొర్లింది, తీసి కోకో డబ్బాలో వేశాడు. ఆకురాయి పట్టాడు. గాట్ల దగ్గర చాలా ఓపిక పట్టాడు. ఉక్కు కడ్డీతో అటూ ఇటూ నొక్కుతూ, పక్కకి జరిగిన వెండిని చిటికెడు చిటికెడుగా దాని చోటికి తెచ్చాడు. వేలితో తడిమితే ఏమీ తగలలేదు. తన జీవితంలో ఇంత బాగా ఇంకే నాణేన్నీ చెయ్యలేదని అతనికే అనిపించింది.

ఆదివారం సంఘం వాళ్ళు ఎప్పటిలాగే బీరు హోటల్ మేడ మీద కలిశారు. శరదృతువులో జరిగే ప్రదర్శన దగ్గరపడింది, అందుకని వారమంతా తలా ఒక నాణెం తెచ్చి ఆలోయిస్ మీద పడేశారు. వాళ్ళందరి చెవులూ తీసి తెచ్చి ఇచ్చాడు. ప్రోకోప్ అని అతని చిన్ననాటి స్నేహితుడు, రొట్టెల దుకాణం నడిపి మానేసినవాడు, జిత్కా టోలార్‌ని దీపం కిందకి తెచ్చి తిప్పి తిప్పి చూశాడు.

"ఒరేయ్ లోయ్జా, ఇది నిన్న టంకశాల్లోంచి బయటపడిందా ఏంటి? చెవి ఎక్కడుండేదిరా?"

"నువ్వే చెప్పు."

ప్రోకోప్ వెతికాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ వెతికాడు. "ఛీ, నీతో పందెం వెయ్యకూడదు. నాకివ్వు, నా రెండు టోలార్లు తీసుకో."

"ఇది బీనాది. తనతో తీసుకెళుతుంది."

ప్రోకోప్ నాణేన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ డబ్బాలో చాలా పడ్డాయన్నమాట ఈ వారం. నిండిందా?" అన్నాడు.

"అంచు దాకా వచ్చింది" అన్నాడు ఆలోయిస్.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అతను గడ్డం గీసుకున్నాడు, మంచి చొక్కా వేసుకున్నాడు. మంచం పక్కన కూర్చుని, ఆమె అరచేయి తెరిచి, టోలార్ అందులో పెట్టి మూశాడు. ఆల్బీనా మొహం విప్పారింది. బొటనవేలు దానంతట అదే అంచు మీదికి వెళ్ళింది. అలా వెళ్ళడం దానికి ఎన్నో ఏళ్ళ అలవాటని ఆలోయిస్ ఇంతకు ముందెప్పుడూ గమనించలేదు. వేలు అంచు చుట్టూ తిరిగింది. ఆగింది. ఇంకోవైపు నించి తిరిగింది.

"ఇది కాదు లోయ్జా. నీ వాటిల్లోది ఏదో తెచ్చావు."

"అదే బీనా. ఒట్టు."

"చెవేది?"

"తీసేశా. ఎంత బాగా తీశానంటే, ప్రోకోప్‌కి కూడా జాడ దొరకలేదు. మెరుపు నీకు కనబడదు గానీ..."

"గాట్లేవి?"

"అంచు దెబ్బతింది కదా. అది కూడా సరిచేశా. ఇప్పుడు ఒక్క మచ్చ లేదు."

వేలు ఇంకా ఆ చోటే వెతుకుతోంది, తాళంచెవి పోయిన జేబుని మళ్ళీ మళ్ళీ తడుముకున్నట్టు. చాలాసేపటికి అంది.

"అవి జిత్కా పళ్ళు."

ఆలోయిస్‌కి అర్థం కాలేదు.

"కింద రెండు పళ్ళు ముందొచ్చాయి దానికి. చిగుళ్ళు దురదపెట్టి ఊరికే ఏడ్చేది. చల్లగా ఉంటుందని దాన్ని నోట్లో పెట్టుకుని కొరికేది. చెవి పట్టుకుని గుంజుతూ కొరికేది. నువ్వప్పుడు సైన్యంలో ఉన్నావు."

"నాకు చెప్పలేదు బీనా."

"చెప్పాను. నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు చూపించాను. దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, చూడు నీ కూతురు రాజుగారిని కొరికేసింది అన్నాను. నువ్వు భూతద్దం పెట్టుకుని చూసి, ఇక్కడ టంకశాల పెద్దాయన గుర్తు ఉంది, మూడాకుల రెమ్మ, అన్నావు."

ఆ రోజు ఆలోయిస్‌కి గుర్తుంది. ఆ మూడాకుల రెమ్మ గుర్తుంది. జీవితంలో మొదటిసారి ఒక టంకశాల పెద్దాయన ముద్రని తనంతట తాను కనిపెట్టిన రోజు అది. నాణేల పిచ్చి పట్టిందే ఆ రోజున. దాని గురించి సంఘంలో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. కిటికీలోంచి వెలుగు ఎటు పడిందో కూడా గుర్తుంది. ఒళ్ళో ఉన్న బిడ్డ మాత్రం గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ ఒడి ఖాళీగా ఉంది.

"తిడితే తిట్టు బీనా."

"తిట్టే ఓపిక లేదు" అంది. నిజంగానే లేదు. తల పక్కకి తిప్పుకుంది. కళ్ళ నించి నీళ్ళు దిండులోకి పోతున్నాయి. "రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే వేలు పెట్టేదాన్ని అక్కడ. సరిగ్గా సరిపోయేది" అంది.

ఆమె వదిలేసిన నాణెం పట్టుకుని ఇంటికి వచ్చాక, ఆ ఇంట్లో అతను చేసిన పనిని ఏమనాలో నాకు తెలియదు. పిచ్చి అంటే పిచ్చే. తీసిన ఫోటోని పెద్దది చేయించాడు. గాట్లు ఎంత లోతో, ఎంత ఎడంగా ఉన్నాయో, ఏ వైపు వాలాయో కొలుచుకున్నాడు. ఉక్కు మేకుని సానబట్టి పసిపంటి ఆకారం తెచ్చాడు. అరిగిపోయిన చిల్లర నాణేల మీద కొట్టి కొట్టి చూసుకున్నాడు. ఒకటి మరీ పదునుగా పడింది, ఒకటి మరీ మొద్దుగా. దొంగ నాణేలు చేసేవాళ్ళని జీవితమంతా నోరారా తిట్టిన మనిషి, వాళ్ళ పనే చేస్తూ, వాళ్ళకన్నా జాగ్రత్తగా చేస్తూ, తిండి మానేసి కూర్చున్నాడు. మధ్యమధ్యలో కళ్ళు మసకబారితే అద్దం తుడుచుకునేవాడు. మసక అద్దానిది కాదు.

చివరికి జిత్కా టోలార్ మీద ఆ రెండు గాట్లూ వేశాడు. ఫోటో పక్కన పెట్టి భూతద్దంలో చూశాడు. మక్కికి మక్కి దిగింది. తెచ్చి చూపించింది ఎవరో పరాయివాడైతే, ఆలోయిస్ విద్రా దాన్ని నకిలీ అనగలిగేవాడు కాదు.

ఆసుపత్రిలో మార్కేతా అనే నర్సు ఎదురొచ్చింది. "విద్రాగారూ, ఆవిడ నిన్నట్నించి ఏమీ తినడం లేదు. ఎక్కువసేపు మాట్లాడించకండి" అంది. అతను తలూపి లోపలికి వెళ్ళాడు. ఆల్బీనా ఇంకా చిన్నదైపోయినట్టుంది, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలియడం లేదు.

"బీనా. తెచ్చాను. చూడు, సరిచేశాను. ఉన్నాయి."

ఆమె చెయ్యి చాపింది. అతను నాణెం పెట్టాడు. బొటనవేలు అంచు మీదికి వెళ్ళింది, గాట్ల దగ్గర ఆగింది. ఒకదాంట్లో పడింది, రెండోదాంట్లో పడింది. ఆలోయిస్ ఆ వేలినే చూస్తున్నాడు. సంఘంలో ఎంతమంది తన భూతద్దం వైపు ఇలా చూస్తూ నిలబడి ఉంటారో.

"ఉన్నాయి" అంది ఆల్బీనా. నవ్వింది కూడా. "ఎలా చేశావు? చెయ్యి నొప్పెట్టలేదూ?"

"లేదు, లేదు" అన్నాడు. ఆనందంతో అతనికి మాటలు తడబడ్డాయి. "అవే కదూ? సరిపోయిందా?"

"సరిపోయింది. నువ్వు భలేవాడివి లోయ్జా."

అని, ఆమె అతని చేతి కోసం వెతికింది. దొరకగానే అరచేయి తెరిచి, టోలార్ అందులో పెట్టి, అతని వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"నీ డ్రాయర్లో ఖాళీ ఉందిగా. అక్కడ పెట్టుకో" అంది.

ఆమె నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు పడుకుంది. నకిలీని ఎదుటివాడి మొహం మీదే నకిలీ అనెయ్యడం అతని పద్ధతి. ఆమె పద్ధతి వేరు.

ఇంటికి రాగానే కోకో డబ్బా బల్ల మీద బోర్లించాడు. గాట్లు పోయాయి, ఇక వాటిని ఎవరూ తేలేరు. చెవి మాత్రం పోలేదు కదా. బిడ్డ పిడికిట్లో పట్టుకుని గుంజిన చెవి, అసలుది, ఇందులోనే ఉంది. అదొక్కటి ఆమె చేతిలో పెడితే చాలు. దీపం దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి, ఒక్కొక్కటీ పట్టకారుతో ఎత్తి చూడడం మొదలుపెట్టాడు.

సన్నవి, లావువి, మెలితిప్పినవి, ఒక పక్క అరిగినవి. పైపైనే ఉండాలి కదా అనుకున్నాడు. కానీ ఆ వారమే సంఘం వాళ్ళ చెవులన్నీ దాని మీద పడ్డాయి, ఎంత నిండిందో చూద్దామని తనే డబ్బాని ఒకటి రెండుసార్లు ఆడించాడు కూడా. ఇది కావచ్చు అని ఒకటి పక్కన పెట్టాడు. ఇంకోటి దొరికింది, అదీ కావచ్చు. ఫోటోలో నాణెం ఎంత స్పష్టంగా ఉందో చెవి అంత మసగ్గా ఉంది. ఎందుకంటే ఫోటో తీసినప్పుడు అతను చెవి మీద గురి పెట్టలేదు. చెవిని ఎవరు ఫోటో తీస్తారు?

వెండి మీద కంటికి కనబడని గీతని చూసి అది ఏ టంకశాలదో చెప్పగల మనిషి, తన కూతురి చెవి ఏదో చెప్పలేకపోయాడు. అలా వెతుకుతూ ఉండగా అతనికి ఇంకోటి తట్టింది. ఇవన్నీ కూడా పిల్లలవే. ప్రతి చెవినీ ఏదో ఒక బిడ్డ గుంజే ఉంటుంది, ఏదో ఒక తల్లి నాణెం నోట్లో పెట్టుకోకే అని అరిచే ఉంటుంది. జీవితమంతా తను కోసింది ఇవి. బల్ల మీద తల ఆన్చి, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, గట్టిగా ఏడ్చాడు.

మళ్ళీ డబ్బాలో అన్నీ ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆల్బీనాకి స్పృహ లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. అతను ఆమె అరచేయి తెరిచి, పట్టినన్ని చెవులు పోశాడు. వేళ్ళు కొంచెం ముడుచుకున్నట్టు అనిపించింది. డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి. రెండో చేతిలో పోశాడు. ఇంకా మిగిలాయి.

"ఇందులో ఉందే బీనా" అన్నాడు ఆమె చెవి దగ్గరికి వంగి. "ఏదో తెలియడం లేదు. కానీ ఉంది."

ఆమె ఆ సాయంత్రమే పోయింది.

జిత్కా పక్కనే తవ్వించారు. శవపేటిక మూసే ముందు ఆలోయిస్ డబ్బా మొత్తం ఆమె చేతుల మీద, పక్కల మీద గుమ్మరించాడు. సంఘం వాళ్ళందరూ నల్ల కోట్లు వేసుకుని నిలబడి ఉన్నారు. వెండి గలగలమంటుంటే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ప్రోకోప్ దగ్గరికొచ్చి, "లోయ్జా, మెడల్ పోయిద్దామన్నావు కదరా" అని గొణిగాడు. ఆలోయిస్ మొహం చూశాక ఇంకేమీ అడగలేదు. ఒక చెవి దొర్లి గడ్డిలో పడితే, వంగి వెతికి తీసి, తనే లోపల పెట్టాడు.

ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే ఆలోయిస్ ఆ గదిలోకి వెళ్ళాడు. డ్రాయరు లాగి, ఆమె చెప్పినట్టే, టోలార్‌ని ఖాళీ గుంటలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. వరస నిండింది. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశాడో, ఇప్పుడు దాని వైపు చూడలేకపోయాడు. అయినా చీటీ లేకుండా నాణెం ఉండకూడదు. చిన్న అట్టముక్క తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఎప్పటిలా గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"రుడాల్ఫ్ టోలార్, కుత్నా హోరా. మూడాకుల రెమ్మ ముద్ర. చెవి తీసినది. అంచు మీద రెండు పంటిగాట్లు, నకిలీ."